మడ్‌గార్డ్ వెనక్కి చెయ్యి పెట్టి చూడండి

మా బాబాయి కారు 1984 నాటి అంబాసిడర్, మార్క్ 4. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో సీట్ల దాకా నీళ్ళలో ఉండిపోయింది. నీళ్ళు తీశాక అందరి బెంగా ఇంజను మీద, వైరింగు మీద. బాడీని పైపుతో కడిగి ఎండబెట్టాం. తెల్లగా మెరిసింది. ఏడాది తిరిగీ తిరక్కముందే ఎడమవైపు ముందు మడ్‌గార్డ్ మీద, హెడ్‌లైటుకి కాస్త వెనకగా, కందిగింజంత పొక్కు లేచింది. బాబాయి గోటితో గిల్లాడు. గోరు లోపలికి దిగిపోయింది.

"రంగు లేచింది, టచప్ చేయిస్తే పోతుంది" అన్నాడు. ఆటోనగర్‌లో మేస్త్రీ ఆ పొక్కు వంక చూడనేలేదు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, మడ్‌గార్డ్ వెనక్కి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, పిడికెడు మట్టి తీసి నేలమీద పెట్టాడు. "ఇది మీ వీధి మట్టే పెద్దాయనా. అప్పట్నుంచీ ఇక్కడే కాపురం ఉంటోంది."

పాత కారుకి రేకు మార్చి రంగు వేయించడం గురించి మనం మాట్లాడేదంతా రంగు చుట్టూనే తిరుగుతుంది. ఏ కంపెనీ రంగు, ఎన్ని కోట్లు, మెరుపు ఎన్నాళ్ళుంటుంది. ఆ పని జరిగినన్ని రోజులూ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాక నాకు తేలింది వేరు. రేకు వెనకనుంచి పోతుంది, మనం డబ్బు పెట్టేది ముందువైపు. పని నిలుస్తుందా లేదా అన్నది దాదాపు అంతా ఆ కనబడని వైపే తేలిపోతుంది.

ఇనప పెనం కడిగి ఒక నీటిబొట్టు వదిలేస్తే ఏమవుతుందో వంటింట్లో అందరం చూసినదే. ఆ బొట్టు అంచున గాలి బాగా అందుతుంది, నడిమధ్యన అందదు. ఒకే ఇనుము మీద గాలి అందే చోటికీ అందని చోటికీ మధ్య సన్నటి కరెంటు పుడుతుంది. ఇనుము కరిగేది గాలి అందని నడుమన, గోధుమరంగు తుప్పు పేరుకునేది దాని చుట్టూ. మడ్‌గార్డ్ లోపల అంటుకున్న తడిమట్టి సరిగ్గా ఈ బొట్టు పనే చేస్తుంది, కాకపోతే నెలల తరబడి. మట్టిలో ఉప్పు ఉంటే పని ఇంకా చురుగ్గా సాగుతుంది. ఇనుము తుప్పుగా మారితే ముందున్నదానికంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే పైనున్న రంగును తోసుకుని పొక్కుగా లేస్తుంది. మనకి పొక్కు కనబడే వేళకి ఆ చోట రేకు పెద్దగా మిగిలి ఉండదు. అటువంటి చోట టచప్ చేయడమంటే చిల్లుపడ్డ బకెట్‌కి బయట సున్నం కొట్టడమే.

ఈ కారు విషయంలో ఇంకో సంగతి బయటపడింది. మేస్త్రీ ఒక చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి మడ్‌గార్డ్ పొడవునా జరిపాడు. పైన గట్టిగా పట్టింది, చక్రం పై వంపు దగ్గరికి రాగానే జారిపోయింది. అక్కడున్నది రేకు కాదు, లప్పం. ఎప్పుడో ఎవరో చిల్లులు కనబడకుండా ముద్ద పెట్టి రంగు కొట్టారు. ఎవరన్నది బాబాయికి గుర్తు లేదు, గుర్తున్నా ఇప్పుడు లాభం లేదు. పాత కారు కొనేవాళ్ళకి ఈ గుడ్డ చుట్టిన అయస్కాంతం కంటే చవకైన సాధనం ఇంకొకటి లేదు. రంగు మందం కొలిచే మీటరైతే లెక్క కూడా చెబుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు చిల్లర. మీటరు వెయ్యి దాటిందంటే కింద లప్పం ఉన్నట్టే.

ఇక మార్చడం. కారు మీద అన్ని రేకులూ ఒక్కలాంటివి కావు. అంబాసిడర్ బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన బండి. లారీకున్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. ముందు మడ్‌గార్డ్‌లు, తలుపులు, బానెట్ బోల్టులతో బిగించినవి, ఇవి తీస్తే కారు ఆకారం చెడదు. తలుపుల కింద కారు పొడవునా పోయే పెట్టెలాంటి రేకు మాత్రం వెల్డింగుతో బాడీలో కలిసిపోయి ఉంటుంది. అది కారుకి వెన్నెముక. దాన్ని కోయాలంటే ముందు కారు బరువును సరైన చోట్ల స్టాండ్ల మీద నిలబెట్టి, తలుపుల సందులో అడ్డంగా ఇనప కడ్డీలు వెల్డింగు చుక్కలతో తాత్కాలికంగా అతికించి, అప్పుడు కత్తి పెట్టాలి. అవేవీ లేకుండా కోస్తే బాడీ నడుములో కుంగుతుంది. కొత్త రేకు అలాగే వెల్డ్ చేశారంటే ఆ కుంగుడు శాశ్వతం, తలుపు ఇక జన్మలో సరిగ్గా పడదు. కాబట్టి "రేకు మార్చాలి" అని ఎవరన్నా అంటే మొదట అడగాల్సింది ఎంతవుతుందని కాదు, బోల్టుదా వెల్డింగుదా అని.

మాది బోల్టుల పనే. అయినా నలభయ్యేళ్ళ బోల్టులు తేలిగ్గా కదలవు. సాయంత్రం తుప్పులోకి దిగే నూనె కొట్టి వదిలేసి పొద్దున మళ్ళీ పట్టారు, మూడు మాత్రం గ్యాసుతో ఎర్రగా కాల్చి తిప్పాల్సి వచ్చింది. మడ్‌గార్డ్ కిందికి దిగాక అసలు రంగు బయటపడింది. అది బిగిసే లోపలి రేకు అంచు, తలుపు కీలు స్తంభం మొదట్లో, అరచేయంత మేర జల్లెడైపోయింది. బోల్టులతో అయిపోతుందనుకున్న పనిలోకి వెల్డింగు అలా వచ్చి చేరింది. పాత కార్ల పనిలో ముందే చెప్పిన ఖర్చు నిలవకపోవడానికి సగం కారణం ఇదే. మేస్త్రీ మోసం కాదు, విప్పేదాకా ఎవరికీ కనబడదు.

కొత్త మడ్‌గార్డ్ ఎక్కడిది? ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవి ఎక్కడో గోడౌన్లో మిగిలిన పాత స్టాకు, బయట అచ్చుల్లో కొట్టినవి, లేదా తుక్కు కిందికి పోయిన కార్ల నుంచి ఊడదీసినవి. "అంబాసిడర్ మడ్‌గార్డ్ కావాలి" అంటే చాలదు, మార్కు, అంటే మోడలు, మారేకొద్దీ గ్రిల్లూ లైట్లూ మారుతూ వచ్చాయి. ఏది మంచిదంటే నా మటుకు నేను తుక్కు షాపు వైపే మొగ్గుతాను. తుప్పు లేని ఒరిజినల్ పాతది, తళతళలాడే బయటి కొత్తదాని కంటే మేలు. సొట్టను సరిచేయవచ్చు, వంపే తేడాగా కొట్టిన రేకును ఎవరూ సరిచేయలేరు. ఈ విషయంలో విజయవాడ వాళ్ళం అదృష్టవంతులం. ఆటోనగర్ గేటు దాటి లోపలికి రెండు వీధులు తిరిగితే బండి ఏదైనా దాని ఎముకలు ఎక్కడో ఓ చోట దొరుకుతాయి.

వాడని కొత్త రేకు కొన్నవాళ్ళు ఒక పరీక్ష చేసుకోవాలి. నల్లటి పూతతో వస్తుంది కదా, దాని మీద థిన్నర్ తడిపిన గుడ్డతో రుద్దండి. పూత కదలకపోతే అది సరైన ప్రైమర్, అంటే రంగుకి అడుగు పూత, గీరి దానిమీదే పని చేసుకోవచ్చు. గుడ్డకి నల్లగా అంటితే అది దారిలో తుప్పు పట్టకుండా కొట్టిన పూత మాత్రమే. మొత్తం తీసేయాలి. దానిమీద ఎంత ఖరీదు రంగు వేసినా అడుగు పొర ఊడితే పైవన్నీ దానితోపాటే ఊడతాయి.

వెల్డింగు దగ్గర కాసేపు ఆగుదాం, ఎక్కువ రేకులు పాడయ్యేది ఇక్కడే. బాడీ రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. దానికి ఒక చోట వేడి తగిలితే అక్కడ వ్యాకోచించాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లటి రేకు జరగనివ్వదు. పక్కకి పోలేక అక్కడికక్కడే మందమవుతుంది. చల్లారినప్పుడు మాత్రం ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ చుట్టూ ఉన్నదాన్ని లాగుతుంది. ఫలితం, నొక్కితే డాల్డా డబ్బా మూతలా టక్కుమని లోపలికీ బయటికీ కొట్టుకునే రేకు. గ్యాసు మంట వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి ఈ ప్రమాదం ఎక్కువ, మన షెడ్లలో సీవోటూ అని పిలిచే వెల్డింగులో వేడి ఒక చుక్క దగ్గరే ఉంటుంది కాబట్టి తక్కువ. అదీ వరసగా గీత గీసినట్టు లాగకూడదు. మా మేస్త్రీ ఒక చుక్క ఈ మూల, ఒక చుక్క ఆ మూల పెట్టి, చేత్తో ముట్టుకుని చల్లారిందనుకున్నాకే మూడోది పెట్టాడు. అరచేయంత అతుకుకి మధ్యాహ్నం దాకా పట్టింది. బాబాయికి విసుగొచ్చింది కూడా. గ్యాసు పనికిరాదని కాదు. చెయ్యి తిరిగినవాడు గ్యాసుతో వేసిన అతుకు మెత్తగా ఉంటుంది, వెనక డాలీ అనే ఇనప దిమ్మ అడ్డం పెట్టి సుత్తితో సాగదీసి సరిచేసుకోవచ్చు. అటువంటి చేతులు తగ్గిపోతున్నాయి.

అతుకును పాత రేకు మీద ఎక్కించి వేశారా, అంచుకు అంచు కలిపి వేశారా అన్నదీ చూసుకోవాలి. ఎక్కించి వేయడం సులువు. కానీ రెండు రేకుల మధ్య సందులోకి నీళ్ళు చేరతాయి, మళ్ళీ మన పెనం మీది బొట్టు కథే. తప్పక ఎక్కించి వేస్తే వెనకవైపు ఆ సందును సీలెంటుతో మూయాలి.

రంగుకి ముందు అన్నీ బిగించి చూడటం చాలామంది దాటవేసే మెట్టు. మడ్‌గార్డ్, బానెట్, తలుపు, హెడ్‌లైటు రింగు, బంపరు, అన్నీ ఒక్కసారి పచ్చి రేకుతోనే బిగించాలి. బానెట్‌కీ మడ్‌గార్డ్‌కీ మధ్య సందు పొడవునా ఒకేలా రావాలి. మాకు తలుపు దగ్గర పైన సన్నగా, కింద వేలు దూరేంత వచ్చింది. కింది బోల్టు వెనక రెండు వాషర్లు వేస్తే దారికొచ్చింది. రంగు వేశాక ఈ సంగతి తెలిసి ఉంటే కొత్త రంగు అంచులన్నీ పెచ్చులూడేవి.

లప్పాన్ని తిట్టుకోవడం తేలిక గానీ అది లేకుండా ఈ పని లేదు. సుత్తిపనితో రేకును ఎంత దగ్గరికి తెచ్చినా చివరి వెంట్రుకవాసి దానిదే. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే అది పనితనం, దాటితే కప్పిపుచ్చడం. ఎండకి రేకు ఎంత సాగుతుందో లప్పం అంతకంటే ఎక్కువ సాగుతుంది. మందంగా ఉన్నచోట ఆ తేడాకి పగులు రాకుండా ఉండదు. అది పాలియెస్టర్ రెజిన్‌లో సుద్దపొడిలాంటిది కలిపిన ముద్ద కాబట్టి నీళ్ళు కూడా పీలుస్తుంది. అందుకే పచ్చి లప్పాన్ని నీళ్ళు పోసి రుద్దనివ్వకండి, పొడిగానే 80 నంబరు ఎమెరీతో మొదలుపెట్టి 180, 320 దాకా వెళ్ళాలి. ఇంకో మాట. ట్యూబులోంచి పిండి కలిపే హార్డెనర్ కొద్దిగానే, నూటికి రెండు పాళ్ళ చొప్పున కలపాలి. తొందరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే అందులోని పెరాక్సైడ్ పైకి ఊరి తెల్లరంగు మీద పచ్చటి మరకగా తేలుతుంది. మన ఎండల్లో అసలే అది గరిటె మీదే బిగుసుకుంటుంది.

లప్పం కింద ఏముండాలి? ఉత్త రేకు మీద వేయడం ఒక పద్ధతి, ఎపాక్సీ ప్రైమర్ వేసి దానిమీద వేయడం ఇంకో పద్ధతి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళకి నేను రెండోదే చెబుతాను. గీరిన రేకు మీద చెమట చెయ్యి ఆనిస్తే తెల్లారేసరికి అయిదువేళ్ళ ముద్ర తుప్పుగా అచ్చు పడి ఉంటుంది, నేను చూశాను. గీరిన రోజే ఎపాక్సీ పడాలి. ఆమ్లంతో పనిచేసే ఎచ్ ప్రైమర్ మీద మాత్రం లప్పం వేయకూడదు, ఆ ఆమ్లం లప్పాన్ని సరిగా గట్టిపడనివ్వదు.

దీనిమీద సర్‌ఫేసర్, అంటే సన్నటి గీతలు పూడ్చే పూత; దాన్ని 400, 600 నీళ్ళ పేపరుతో రుద్దడం. రుద్దేముందు మేస్త్రీ నల్లరంగును పల్చగా పొగలా పైన చిమ్మాడు. రుద్దుతుంటే ఎత్తున్నచోట నలుపు పోయి పల్లమున్నచోట మిగిలింది. మా కళ్ళకి అద్దంలా కనబడిన రేకు మీద దేశపటంలా మచ్చలు తేలాయి. "డబ్బులు సర్దుబాటయ్యాక రంగు వేయిద్దాం" అని చాలామంది కారును ఈ దశలో ఇంటికి తీసుకెళ్ళిపోతారు. సర్‌ఫేసర్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, తేమ లోపలికి దిగుతుంది. నాలుగు నెలల తర్వాత దానిమీద వేసే రంగు తుప్పు మీద వేసినట్టే.

రంగుల్లో మూడు జాతులున్నాయి. ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్ రంగు, థిన్నర్ ఎగిరిపోవడంతోనే ఆరుతుంది, ఎన్నేళ్ళయినా మళ్ళీ థిన్నర్ పడితే కరుగుతుంది. సింథటిక్ ఎనామిల్ నూనె లాంటిది, గాలిలోని ఆక్సిజన్ పీల్చి గట్టిపడుతుంది. లారీ బాడీలకి కొట్టేది ఎక్కువగా ఇదే. టూకే అనేది రెండు డబ్బాల రంగు, హార్డెనర్ కలపగానే రసాయనికంగా అల్లుకుపోయేది, ఒకసారి బిగిశాక థిన్నర్‌కి లొంగదు. పాత ఎన్‌సీ మీద టూకే కొడితే దానిలోని ఘాటు థిన్నర్ కింది పొరను లేపి అప్పడంలా ముడతలు తెస్తుంది. పాత రంగు ఏదో తెలియకపోతే డిక్కీలో ఓ మూల థిన్నర్ గుడ్డ ఆనించండి. రంగు గుడ్డకి వస్తే ఎన్‌సీ.

టూకే మన్నుతుంది, మెరుస్తుంది. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్ అనే హానికర రసాయనం ఉంటుంది. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపలేదు. ఒకసారి ఊపిరితిత్తులకి అది పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం వస్తుంది. బయటినుంచి మంచిగాలి పైపుతో వచ్చే మాస్కే సరైనది. మన షెడ్లలో అది ఎక్కడా నా కంటపడలేదు. మెరుపు గురించి బేరమాడేటప్పుడు ఈ సంగతి ఎవరి నోటా రాదు.

వాతావరణం సంగతి. రోహిణి కార్తెలో గన్‌లోంచి బయల్దేరిన రంగు రేకు చేరేలోపే సగం ఆరి ఇసుకలా గరుకుగా పడుతుంది, నెమ్మదిగా ఎగిరే థిన్నర్ వాడాల్సి వస్తుంది. వానాకాలంలో ఎన్‌సీ రంగు తెల్లగా పాలిపోతుంది. థిన్నర్ ఎగురుతూ రేకును చల్లబరిస్తే గాలిలోని తేమ దానిమీద దిగడమే కారణం. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి అదను, అదీ పొద్దెక్కాక. పొద్దున్నే రేకు గాలికంటే చల్లగా ఉంటుంది. గాలిలోని తేమ నీటిబొట్లుగా దిగే ఉష్ణోగ్రతకి కనీసం 3 డిగ్రీలు పైన రేకు ఉంటే తప్ప గన్ ముట్టుకోకూడదు. కంప్రెసర్ ట్యాంకు అడుగున కుళాయి తిప్పితే మా మేస్త్రీకి రోజూ గ్లాసెడు నీళ్ళు వచ్చేవి. అవి వదలకపోతే ఆ నీళ్ళే రంగులో చేపకళ్ళలాంటి గుంటలయి కూర్చుంటాయి.

తెలుపు కదా, షేడు కలపడం ఎంతసేపు అనుకున్నాం. రెండు రోజులు పట్టింది. సింథటిక్ తెలుపు చీకట్లో పచ్చబారుతుంది, ఎండలో ఆ పచ్చదనం పోయి పైపొర సుద్దలా రాలుతుంది. ఒకే కారు డిక్కీ లోపల ఒక తెలుపు, బానెట్ మీద ఇంకో తెలుపు. ఏది నమూనా? రెండూ కాదు. పక్క తలుపును రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది చచ్చిన పొర తీస్తే కనబడేదే నమూనా. నలుపు ఒక చుక్క, పసుపు అర చుక్క వేస్తూ, అట్టముక్క మీద కొట్టి ఆరనిచ్చి చూడాలి, తడి రంగూ ఆరిన రంగూ ఒకటి కావు. షెడ్డు ట్యూబ్‌లైటు కింద అతికినట్టు కలిసినది ఎండలోకి తెస్తే విడిపోయింది. వేర్వేరు పొడులతో చేసిన రెండు రంగులు ఒక వెలుతురులో ఒక్కటిగా, ఇంకో వెలుతురులో రెండుగా కనబడతాయి. చివరికి ఆరుబయటే కలిపారు.

కాగితాల మాటా ఒకటి. ఉన్న రంగే మళ్ళీ వేస్తే ఏ చిక్కూ లేదు. వేరే రంగు వేస్తే ఆర్సీలో మార్పించుకోవాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండిన బండికి 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ నంబరు తీసుకోవచ్చు, 'వీఏ' అక్షరాలతో. బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలన్నది షరతు. బాబాయి కారుకి 2034 దాకా ఆ యోగం లేదు. అయినా ఊడదీసిన ఒరిజినల్ రేకే వేయించడానికి ఆయన మనసులో అదీ ఒక కారణం.

రంగు ఆరాక మడ్‌గార్డ్ వెనకవైపు పని మళ్ళీ మొదలైంది. అక్కడా ఎపాక్సీ, అతుకుల మీద సీలెంటు, దానిపైన మైనం లాంటి పూత. చాలాచోట్ల దీనికి బదులు నల్లటి తారు దట్టంగా కొట్టేస్తారు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది. ఎండకి అది బీటలు వారి ఆ బీటల్లో నీళ్ళు నిలిస్తే, పూత లేకుండా వదిలేసిన రేకే నయం. తారు వద్దని ఒప్పించడానికి మేస్త్రీతో కాస్త వాదన కూడా అయింది. "అందరూ అడిగి వేయించుకుంటారు సార్" అన్నాడు. నిజమే, అడుగుతారు.

కారు అప్పగించే రోజు సాయంత్రపు ఏటవాలు ఎండలో తలుపుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య షేడు ఒక పిసరు తేడా కనబడింది. బాబాయి చూసీ ఊరుకున్నాడు. మేస్త్రీ బకెట్‌తో వచ్చి, ముందు అద్దం మొదట్లో, బానెట్ వెనక గాడిలో రెండు చెంబుల నీళ్ళు పోశాడు. కాసేపటికి మడ్‌గార్డ్ వెనకనుంచి, చక్రం పక్కన సిమెంటు నేల మీదికి ధార కట్టింది. బాబాయి వంగి ఆ నీళ్ళ కింద చెయ్యి పెట్టాడు. తేటగా ఉన్నాయి. చొక్కాకి చెయ్యి తుడుచుకుని డబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.